ముదిరిన కేన్సరుతో ఉన్న యువ తలిదండ్రులు: కుటుంబ సంరక్షణలో సంఘము బాధ్యత

ఉపోద్ఘాతము

నిండు వయస్సులో ప్రభునందు నిద్రించిన విశ్వాసికి వీడ్కోలు చెప్పే పద్ధతి మన సంఘములకు బాగుగా తెలుసు. సమాధి కార్యక్రమము, ఆదరణ కూటము, జ్ఞాపకార్థ కూడిక, అన్నిటికీ ఒక క్రమము ఉన్నది. కాని ముప్పది యేండ్ల తల్లికి, ఒడిలో ఇంకా పాలు మానని బిడ్డ ఉండగా, కేన్సరు ముదిరినదని తెలిసినప్పుడు మనము తడబడుతాము. ఇంటికి వెళ్ళి ప్రార్థన చేస్తాము. స్వస్థత వాగ్దానములు చదువుతాము. "ధైర్యముగా ఉండమ్మా" అని చెప్పి, టీ త్రాగి లేచి వస్తాము. ఆ తల్లిని రాత్రంతా నిద్రపోనివ్వని ప్రశ్నను మాత్రము మనము అడగము, ఆమెను అడగనివ్వము. ఆ ప్రశ్న ఇది: "నేను లేకపోతే నా పిల్లలను ఎవరు చూస్తారు?"

ఈ ప్రశ్నను అవిశ్వాసముగా కాక విశ్వాసపు పనిగా చూడవలెనని, దానికి జవాబు వెదకుటలో సంఘము ఆ కుటుంబముతో కూర్చుండవలెనని తెలియజేయుట ఈ వ్యాసము ఉద్దేశము. ముందుగా వ్యాధిని గూర్చి, ఉపశమన వైద్యమును గూర్చి కాపరి తెలుసుకోవలసిన సంగతులు, తరువాత లేఖన పరిశీలన, చివరకు పిల్లల విషయములోను, చట్టము, ఆర్థిక విషయములలోను సంఘము చేయదగిన పనులు వివరించబడును.

1. "ముదిరినది" అనగా ఏమి?

కేన్సరు మొదట పుట్టిన అవయవమును దాటి ఎముకలు, కాలేయము, ఊపిరితిత్తులు, మెదడు వంటి దూరపు భాగములకు ప్రాకినప్పుడు వైద్యులు దానిని సాధారణముగా నాలుగవ దశ అంటారు. ఈ దశలో చాలా కేన్సర్లను పూర్తిగా నయము చేయుట సాధ్యము కాదు. అయితే నాలుగవ దశ అనగానే రేపో మాపో మరణమని అర్థము కాదు. మందులకు లొంగి కొన్ని సంవత్సరములు నిలిచే రకములు ఉన్నవి, కొన్ని వారములలోనే విషమించే రకములు కూడా ఉన్నవి. కాబట్టి కాపరి తన ఊహతో కాలమును లెక్కకట్టకూడదు. "ఈ చికిత్స నయము చేయుటకా, వ్యాధిని నెమ్మదింపజేయుటకా, బాధ తగ్గించుటకా?" అని వైద్యుని అడిగి తెలుసుకొనుటకు కుటుంబమునకు తోడ్పడాలి. ఈ ఒక్క ప్రశ్న అడగనందువలన ఇల్లు, పుస్తెలు కుదువపెట్టి, ఫలితము లేని చికిత్స కొరకు ఊరూరు తిరిగిన కుటుంబములు అనేకము.

మన దేశములో స్త్రీలకు ఎక్కువగా వచ్చేవి రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లు. ఇవి పిల్లలు ఇంకా చదువుకొనుచుండగానే తల్లిని పట్టుకొనుట అరుదు కాదు. ఇంట్లో అందరి తరువాత తన ఆరోగ్యమును చూచుకొనే తల్లి, గడ్డను, రక్తస్రావమును దాచుకొని, ఆలస్యముగా ఆసుపత్రికి చేరుతుంది. తండ్రి విషయములో కూలి లేక జీతము పోవునను భయము ఇదే ఆలస్యమును కలిగిస్తుంది.

2. బాధకు నాలుగు ముఖములు

ఇంగ్లండులో నర్సుగాను, సాంఘిక సేవకురాలిగాను పనిచేసి, తరువాత వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ఆరంభించారు. ఆమె క్రైస్తవ విశ్వాసి. మరణమునకు సమీపించిన రోగుల మాటలను శ్రద్ధగా విని, వారి నొప్పి శరీరమునకు మాత్రమే చెందినది కాదని ఆమె గ్రహించారు. శారీరక బాధ, మానసిక బాధ, కుటుంబ సాంఘిక బాధ, ఆత్మీయ బాధ కలిసి ఒకటే బాధగా మనిషిని పట్టుకొంటాయి. దీనినే ఆమె "సమగ్ర బాధ" అన్నారు. పిల్లల భవిష్యత్తు తేలని తల్లికి మందు వేసినా నొప్పి పూర్తిగా తగ్గదు. అలాగే నడుము ఎముకలలో నొప్పితో అరచుచున్న తండ్రికి వాక్యము చదివినా చెవికెక్కదు. మొదట నొప్పి తగ్గాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో కేన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతిని సూచించినది. సాధారణ నొప్పి మాత్రలతో మొదలుపెట్టి, నొప్పి తీవ్రతనుబట్టి మార్ఫిన్ వరకు వెళ్ళుట దాని సారాంశము. మన దేశములో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము కఠినముగా ఉన్నందున మార్ఫిన్ దొరకుట చాలా కాలము కష్టమైనది. 2014లో ఆ చట్టమును సవరించి, వైద్యమునకు అత్యవసరమైన ఇట్టి మందుల నియమములను సులభము చేశారు. అయినను "మార్ఫిన్ ఇచ్చారంటే ఇక చివరి ఘడియే", "అలవాటు పడిపోతారు" అనే భయము మన ఇండ్లలో ఇంకా ఉన్నది. వైద్యుని పర్యవేక్షణలో తగు మోతాదులో ఇచ్చే మార్ఫిన్ తల్లిని మరల కూర్చుండబెట్టి, బిడ్డకు జడ వేయగలిగేలా చేయగలదు. ఈ సంగతి కాపరి నోట వింటే కుటుంబము నమ్ముతుంది.

భారతదేశములో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో శాంతి అవేదన పేరుతో ఆరంభమైనది. 1993లో కేరళలోని కోళికోడులో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఏర్పడి, ఇరుగుపొరుగువారినే శిక్షణ పొందిన సేవకులుగా మార్చు మార్గమును చూపినది. మన హైదరాబాదులో, గాంధీనగర్‌కు కొద్ది దూరములోనే ఉన్న రెడ్ హిల్స్‌లోని ఎమ్.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి పేదలకు పెద్ద ఆధారము. ఈ ప్రభుత్వ ఆసుపత్రిలో 2000 దశకములో ఉపశమన వైద్య సేవలు మొదలైనవి. నందమూరి తారక రామారావు గారి భార్య బసవతారకం గారు 1985లో కేన్సరుతో మరణించగా, ఆమె పేరిట 2000లో బంజారాహిల్స్‌లో మరియొక కేన్సరు ఆసుపత్రి ప్రారంభమైనది. ఒక కుటుంబపు దుఃఖము అనేక కుటుంబములకు సేవగా మారిన ఉదాహరణ ఇది.

ఉపశమన వైద్యము చివరి దినములకు మాత్రమే చెందినది కాదు. అమెరికాలోని బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల కేన్సరు గల 151 మందిపై జరిగిన పరిశోధన 2010లో ప్రచురింపబడినది. సాధారణ చికిత్సతోపాటు మొదటినుండి ఉపశమన సేవను పొందినవారికి నిరాశ తక్కువగా, జీవన నాణ్యత మెరుగుగా ఉండినది. అంతేకాక, వారు సగటున (మధ్యగతమున) 11.6 నెలలు జీవించగా, రెండవ గుంపువారు 8.9 నెలలు జీవించారు. "ఇక చేసేదేమీ లేదు" అను మాట వైద్యమునకే గాక సంఘమునకు కూడా తగదని దీనివలన తెలియుచున్నది.

3. లేఖన పరిశీలన

3.1. హిజ్కియా (2 రాజులు 20:1-7). ప్రాణాపాయమైన వ్యాధిలో ఉన్న హిజ్కియాకు ప్రవక్త తెచ్చిన మొదటి మాట తన ఇంటిని చక్కబెట్టుకొనవలెనని. రాజు గోడతట్టు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆయుష్షు పొడిగించాడు. ఆ వాగ్దానము తరువాత కూడా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టబడినది. ఇంటి ఏర్పాటు, కన్నీరు, ప్రార్థన, మందు ఈ నాలుగును ఒకే వాక్యభాగములో ఉన్నవి. వీటిలో ఒకటి చేస్తే మరియొకటి అవిశ్వాసమని లేఖనము ఎక్కడా చెప్పుటలేదు.

3.2. ప్రవక్తల శిష్యుని భార్య (2 రాజులు 4:1-7). ఈ స్త్రీ భర్త దైవభక్తిగలవాడు, ప్రవక్తల గుంపులోనివాడు. నేటి భాషలో చెప్పాలంటే వేదాంత విద్యార్థి. అతడు మరణించునప్పటికి ఇంటిలో మిగిలినది అప్పు. అప్పులవాడు ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చాడు. ఎలీషా ఆమెను ఇంటిలో ఏమి ఉన్నదని అడిగాడు, ఇరుగుపొరుగువారి పాత్రలను తెప్పించాడు, తలుపు వేసికొని నూనె పోయమన్నాడు. ఈ కథలో మూడు సంగతులు గమనింపదగినవి. సహాయము ఆమెకు ఉన్నదానితోనే మొదలైనది. పొరుగువారు డబ్బు కాకపోయినా ఖాళీ పాత్రలు ఇచ్చి పాలుపొందారు. తలుపు మూయబడినందున ఆమె అవసరము వీధిలో ప్రదర్శనకు రాలేదు. సహాయము పొందువారి గౌరవము కాపాడబడినది. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ భర్త బ్రతికియుండగానే ప్రవక్తల సమాజము ఆ అప్పును గూర్చి ఎందుకు అడుగలేదు?

3.3. సిలువయొద్ద అప్పగింత (యోహాను 19:25-27). ఈ అంశమునకు ఇది మూలవాక్యము. యౌవన వయస్సులో మరణించుచున్న యేసు, ఊపిరి తీయుటయే కష్టమైన స్థితిలో, తన తల్లి సంరక్షణ కొరకు ఏర్పాటు చేశాడు. దీనిలో ఒక పద్ధతి కనబడుచున్నది. మొదట, ఆయన మరణమునకు ముందే మాటలాడాడు. రెండవది, "ఎవరో ఒకరు చూస్తారులే" అనలేదు, ఒక నిర్దిష్టమైన వ్యక్తిని చూపాడు. మూడవది, అప్పగింపబడుచున్న తల్లితోను, స్వీకరించుచున్న శిష్యునితోను ఇద్దరితో వేర్వేరుగా చెప్పాడు. నాలుగవది, సాక్షులు నిలిచియుండగా చెప్పాడు. ఐదవది, ఆయన సహోదరులను గూర్చి ఇదే సువార్త 7వ అధ్యాయము చెప్పుచున్నను, ఆ ఘడియలో దగ్గర నిలిచినవానినే ఎన్నుకున్నాడు. రక్తసంబంధము కన్న దగ్గర ఉండుట ఇక్కడ అర్హత ఆయెను. ఆ గడియనుండి శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొన్నాడని సువార్తికుడు వ్రాయుచున్నాడు. మాట ఇచ్చుటతో ఆగక ఇంటి తలుపు తెరచాడు.

తన వారి సంరక్షణను గూర్చి చింతించుట విశ్వాసలోపమైనచో ఈ వాక్యభాగమునకు చోటే లేదు.

3.4. బరువులు (గలతీ 6:2, 5). ఒకే అధ్యాయములో పౌలు ఒకరి భారములు ఒకరు భరించవలెననియు, ప్రతివాడును తన బరువు తానే భరించవలెననియు చెప్పుచున్నాడు. గ్రీకు మూలములో రెండు వేర్వేరు పదములు ఉన్నవి. మొదటిది "బారోస్", రెండవది "ఫోర్తియోన్". పలువురు వ్యాఖ్యాతలు మొదటిదానిని ఒంటరిగా మోయలేని అధిక భారముగాను, రెండవదానిని ప్రతి మనిషి మోసుకొనే తన మూటగాను వివరిస్తారు. బిడ్డకు వీడ్కోలు చెప్పుట తల్లి మూట. దానిని మరెవరును మోయలేరు. కాని ఆసుపత్రికి వెళ్ళే ఆటో ఖర్చు, పిల్లల బడి రుసుము, రాత్రి కాపలా, కార్యాలయముల చుట్టు తిరుగుట, ఇవి భారములు. ఈ భారములను సంఘము ఎత్తుకొంటేనే ఆ తల్లికి తన మూట మోసికొనే బలము మిగులుతుంది.

4. ఇద్దరి అనుభవములు

దక్షిణ భారతదేశమునుండి అమెరికాకు వలస వెళ్ళిన కుటుంబములో పుట్టిన పాల్ కళానిధి స్టాన్‌ఫర్డ్‌లో మెదడు శస్త్రచికిత్స నేర్చుకొనుచున్న వైద్యుడు. 2013లో, 36 ఏండ్ల వయస్సులో, ఆయనకు ముదిరిన ఊపిరితిత్తుల కేన్సరు ఉన్నట్లు తెలిసినది. వ్యాధి సంగతి తెలిసియే ఆయనయు భార్యయు బిడ్డను కనవలెనని నిర్ణయించుకొన్నారు. 2014 జూలైలో కుమార్తె పుట్టినది. 2015 మార్చిలో, ఆ బిడ్డకు ఎనిమిది నెలలుండగా, ఆయన మరణించారు. యౌవనములో విడిచిన క్రైస్తవ విశ్వాసమునకు తాను ఏలాగు తిరిగి వచ్చినది ఆయన తన గ్రంథములో వ్రాశారు. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 2016లో వెలువడినది. దానిలోని చివరి మాటలు కుమార్తెను ఉద్దేశించినవి. బిడ్డకు జ్ఞాపకము ఉండనంత చిన్న వయస్సులో వెళ్ళిపోవుచున్న తండ్రి, మాటల ద్వారా ఆమెకు తన ప్రేమను ఆస్తిగా ఇచ్చాడు.

రెండవవారు కేట్ బౌలర్. అమెరికాలోని డ్యూక్ వేదాంత కళాశాలలో సంఘచరిత్ర బోధకురాలు. అమెరికాలో ఐశ్వర్య సువార్త చరిత్రపై 2013లో ఆమె గ్రంథము వచ్చినది. విశ్వాసముంటే ఆరోగ్యము, ధనము తప్పక కలుగునను బోధను సంవత్సరముల తరబడి పరిశోధించిన ఈమెకే 2015లో, 35 ఏండ్ల వయస్సులో, నాలుగవ దశ పెద్దప్రేగు కేన్సరు ఉన్నట్లు తెలిసినది. అప్పటికి ఆమె కుమారుడు పసివాడు. ప్రతి దానికి ఒక కారణము ఉన్నదని చెప్పే ఆదరణ మాటలు రోగిని ఏలాగు గాయపరచునో ఆమె 2018లో వెలువడిన తన గ్రంథములో వివరించారు. పరిశోధనాత్మక చికిత్స పొంది ఆమె బ్రతికారు. అయినను తాను బ్రతుకుట తన విశ్వాసమునకు బహుమానమని ఆమె బోధించుటలేదు. ఒకరు మరణించారు, ఒకరు బ్రతికారు. ఇద్దరిలో ఎవరి విశ్వాసమును ఆ ఫలితముతో కొలువలేము.

5. హాని చేయు బోధ

మన ప్రాంతములో స్వస్థత కూటములకు కొదువ లేదు. యాకోబు 5:14 ప్రకారము పెద్దలు రోగికొరకు ప్రార్థించుట సంఘపు విధి, దానిని ఎవరును తక్కువ చేయకూడదు. కాని మూడు బోధలు కుటుంబములకు హాని చేయుచున్నవి.

మొదటిది, మందులు మానుట విశ్వాసమునకు గుర్తని చెప్పుట. కేన్సరును నయము చేయుదుమని ప్రకటనలిచ్చుట 1954 నాటి ఔషధముల, అద్భుత నివారణల చట్టము ప్రకారము నేరము. ఆ చట్టపు జాబితాలో కేన్సరు పేరు ఉన్నది. రెండవది, వ్యాధికి రోగి పాపమో, పితరుల పాపమో కారణమని వెదకుట. యోహాను 9:1-3లో ప్రభువు ఈ ప్రశ్ననే త్రోసిపుచ్చాడు. మూడవది అన్నిటికన్న సూక్ష్మమైనది. మరణమును గూర్చి నోరెత్తితే స్వస్థత పోతుందని భయపెట్టుట.

ఈ మూడవ బోధ ఫలితమును నిదానించి చూడాలి. ఇంటిలో అందరికి నిజము తెలుసు, ఎవరును మాటలాడరు. భార్యకు ధైర్యము చెప్పుటకు భర్త నవ్వుతాడు, భర్త కొరకు భార్య నవ్వుతుంది. వీలునామా వ్రాయరు. బ్యాంకు పుస్తకము, బీమా పత్రము ఎక్కడ ఉన్నవో చెప్పరు. అమ్మమ్మ ఇంటను ఉండవలెనా నాయనమ్మ ఇంటను ఉండవలెనా అన్నది తేల్చరు. తల్లి మరణించిన పదిదినములకే పుట్టింటివారు, అత్తింటివారు పిల్లల కొరకు తగవులాడుతారు. పెద్ద కుమార్తె బడి మాని వంటయింటిలో చేరుతుంది. విశ్వాసము పేరిట మనము ఆ తల్లి నోరు మూసి, తల్లిగా ఆమె చేయగలిగిన చివరి పనిని ఆమె చేతులలోనుండి లాగివేసినవారమవుతాము. యోబు స్నేహితులు నోరు తెరవక ఏడు దినములు నేలమీద కూర్చున్నంతకాలము మంచి ఆదరణకర్తలే (యోబు 2:13). కారణములు చెప్పుట మొదలుపెట్టినప్పుడే వారు చెడిపోయారు. 88వ కీర్తన చీకటిలోనే ముగియును. అట్టి ప్రార్థనకు కూడా దేవుని గ్రంథములో చోటున్నది.

6. పిల్లలకు ఏమి చెప్పాలి?

"పిల్లలకు తెలియనివ్వవద్దు" అనుట మన అలవాటు. కాని పిల్లలకు ఏదో జరుగుచున్నదని తెలుసు. చెప్పనిచో వారు తమ ఊహతో నింపుకొంటారు, ఆ ఊహ చాలాసార్లు నిజముకన్న భయంకరముగా ఉంటుంది.

మరియా నాగి అను పరిశోధకురాలు హంగరీ దేశపు పిల్లలు మరణమును ఏలాగు అర్థము చేసికొందురో పరిశీలించి 1948లో ప్రచురించారు. ఐదేండ్లలోపు పిల్లలు మరణమును నిద్రవలె, ప్రయాణమువలె, తిరిగివచ్చునదిగా భావిస్తారు. ఐదు మొదలు తొమ్మిది సంవత్సరముల వారు అది ముగింపని గ్రహించినా, ఎవరో వచ్చి తీసికొనిపోవునట్లు ఊహిస్తారు. తొమ్మిది తరువాత అది అందరికి తప్పనిదని గ్రహిస్తారు. తరువాతి పరిశోధకులు ఈ వయస్సులను కొంత సవరించారు గాని, చిన్నపిల్లల గ్రహింపు పెద్దలవంటిది కాదను మూలసంగతి నిలిచియున్నది.

దీనినిబట్టి కొన్ని సూచనలు. "అమ్మ నిద్రపోయినది" అని చిన్నబిడ్డకు చెప్పకూడదు. బిడ్డ నిద్రకు భయపడుతుంది. "దేవునికి అమ్మ కావలసి తీసికొనిపోయాడు" అనకూడదు. బిడ్డ దేవునికే భయపడుతుంది. వ్యాధికి పేరు పెట్టి, సరళమైన మాటలలో చెప్పాలి: అమ్మకు కేన్సరు అనే జబ్బు, జలుబువలె అంటుకొనేది కాదు, నీవు అల్లరి చేసినందుకు రాలేదు, డాక్టర్లు మందులిస్తున్నారు, ఏమి జరిగినా నిన్ను చూచుకొనేవారు ఉన్నారు. చివరి రెండు మాటలు మరువరానివి. చిన్నపిల్లలు తమ కోపమువలన, తమ మాటవలన అమ్మకు జబ్బు వచ్చినదని లోలోపల నమ్ముతారు. ఈ మాటలు తల్లిదండ్రులే చెప్పుట శ్రేష్ఠము. చెప్పలేకపోయినచో బిడ్డ నమ్మిన మేనమామో, పిన్నియో, సండే స్కూలు టీచరో వారి సమక్షములో చెప్పవచ్చును. బడిలో ఒక ఉపాధ్యాయునికైనను సంగతి తెలియాలి. మార్కులు తగ్గిన బిడ్డను కొట్టుటకు ముందు ఆయనకు కారణము తెలిసియుంటుంది.

ఉత్తరములు, స్వరముద్రణలు, పుట్టినదినములకు వ్రాసియుంచిన కార్డులు, తల్లి చేతివ్రాతతో పేరు వ్రాసిన బైబిలు, ఇవి ఖర్చులేని ఆస్తి. అలసిన తల్లి చెప్పుచుండగా యౌవనస్థులు వ్రాసిపెట్టవచ్చును.

7. ఇల్లు చక్కబెట్టుట

వీలునామా: 1925 భారత వారసత్వ చట్టము ప్రకారము మేజరై, స్వస్థబుద్ధి గల ఎవరైనను వీలునామా వ్రాయవచ్చును. స్టాంపు కాగితము అవసరము లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. కనీసము ఇద్దరు సాక్షులు సంతకము చేయాలి. క్రైస్తవుల విషయములో సాక్షికిగాని, సాక్షి భార్యకు లేక భర్తకుగాని వీలునామాలో ఏమైనా వ్రాసినచో ఆ భాగము చెల్లదు. కాబట్టి ఆస్తి పొందనివారినే సాక్షులుగా పెట్టాలి.

పిల్లల సంరక్షకులు: అదే చట్టము 60వ సెక్షను ప్రకారము తండ్రి తన మైనరు పిల్లలకు వీలునామా ద్వారా సంరక్షకుని నియమించవచ్చును. తల్లిని గూర్చి ఆ సెక్షను చెప్పుటలేదు. అయినను 1890 సంరక్షకుల చట్టము 17వ సెక్షను ప్రకారము న్యాయస్థానము బిడ్డ క్షేమమును ముఖ్యముగా చూచుచు, మరణించిన తల్లి లేక తండ్రి కోరికను కూడా పరిగణిస్తుంది. కాబట్టి తల్లి తన కోరికను వ్రాసి సంతకము చేయుట వ్యర్థము కాదు. చట్టరీత్యా హిందువులుగా ఉన్న కుటుంబములకు 1956 చట్టము వర్తించును. న్యాయవాది సలహా తీసికొనుట మంచిది.

చికిత్స ఖర్చు: 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము కేన్సరు చికిత్సలు అనేకములకు వర్తించును. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే ప్రయాణము, బస, పోయిన కూలి, పథ్యము ఈ పథకములో రావు. కుటుంబము అప్పులపాలగుట ఎక్కువగా ఇక్కడే.

పిల్లల పోషణ: 2015 బాలల న్యాయ చట్టములో "స్పాన్సర్‌షిప్" ఏర్పాటు ఉన్నది. తలిదండ్రులు ప్రాణాంతక వ్యాధికి గురియైన పిల్లలు, వితంతువుల పిల్లలు, బంధువుల ఇండ్లలో పెరుగుచున్న అనాథలు దీనికి అర్హులు. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకములు ఒక్కొక్క బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. ఆదాయ పరిమితి ఉన్నది. జిల్లా బాలల సంరక్షణ విభాగములో దరఖాస్తు చేయాలి. తల్లియో తండ్రియో బ్రతికియుండగానే అడుగవచ్చునను సంగతి చాలామందికి తెలియదు. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబములో సంపాదించువారు 18 నుండి 59 సంవత్సరముల మధ్య మరణించినచో జాతీయ కుటుంబ ప్రయోజన పథకము క్రింద 20,000 రూపాయలు, అర్హతనుబట్టి వితంతు పింఛను కూడా ఉన్నవి.

కాగితములు: బ్యాంకు ఖాతా, బీమా, భవిష్యనిధి నామినీ పేర్లు, ఆధార్, పిల్లల జనన ధృవపత్రములు, ఇంటి పత్రములు, ఇవ్వవలసిన, రావలసిన బాకీల జాబితా, ఇవన్నియు ఒక సంచిలో పెట్టి, అది ఎక్కడున్నదో ఇద్దరికి చెప్పాలి. పౌలు కూడా తన నిర్గమకాలము సమీపించినదని వ్రాసిన పత్రికలోనే అంగీని, పుస్తకములను, తోడుగా ఒక సహోదరుని అడిగాడు (2 తిమోతి 4). అడుగుట సిగ్గు కాదు.

8. సంఘము చేయదగిన ఏర్పాటు

మార్కు 2వ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. ప్రభువు వారి విశ్వాసమును చూచాడని సువార్తికుడు చెప్పుచున్నాడు. విశ్వాసము కూడ అలసిపోయిన రోగికి ఇతరుల విశ్వాసము మంచమువలె ఉపయోగపడుతుంది. ప్రతి సంఘము ఇట్టి కుటుంబమొక్కొక్కదానికి నలుగురిని నియమించవచ్చును. ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్ళి, వైద్యుడు చెప్పినది వ్రాసికొంటారు. ఒకరు కాగితములు, పథకములు, అప్పుల సంగతి చూస్తారు. ఒకరు పిల్లల చదువు, బడికి చేర్చుట చూస్తారు. స్త్రీల సమాజమునుండి ఒకరు భోజనము, ఇంటిపని, రాత్రి కాపలాకు వంతులు ఏర్పరుస్తారు. భర్తయో భార్యయో వారమునకు ఒక్క రాత్రియైనా పూర్తిగా నిద్రపోవాలి.

కొన్ని జాగ్రత్తలు అవసరము. కుటుంబము అనుమతి లేకుండ ఆదివారపు ప్రార్థన మనవులలో వ్యాధి పేరు ప్రకటింపకూడదు. ఇచ్చిన సహాయమును వేదికమీద చదువకూడదు. దర్శనము పదిహేను నిమిషములకు మించకూడదు, రోగి కోరితే తప్ప. "మీరు దేనిని గూర్చి ఎక్కువగా చింతించుచున్నారు?" అని అడిగి, జవాబు పూర్తియగువరకు ప్రార్థన మొదలుపెట్టకూడదు. ప్రభురాత్రి భోజనము ఇంటికి తీసికొనివెళ్ళి కుటుంబమంతటితో కలిసి పంచుకొనాలి.

మరణము తరువాత మన ఆదరణ కూటములలో వందలమందికి భోజనము పెట్టుటకు ఆ కుటుంబము అప్పు చేయుట చూచుచున్నాము. ఆ ఖర్చును తగ్గించమని కాపరియే ముందుగా చెప్పాలి. ఆ నలుగురి పని మరణముతో ముగియకూడదు. కనీసము ఒక సంవత్సరము, అనగా మొదటి క్రిస్మస్, మొదటి పుట్టినదినము, బడి తెరచు మొదటి జూన్ మాసము దాటువరకు సాగాలి. అందరును వెళ్ళిపోయిన తరువాత వచ్చే ఆ దినములే బరువైనవి.

వేదాంత విద్యార్థుల శిక్షణలో కూడా దీనికి చోటుండాలి. గాంధీనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములనుండి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు బస్సులో కొద్ది సేపే ప్రయాణము. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొనే దినములలోనే వారమునకు ఒక పూట కేన్సరు వార్డులో మౌనముగా కూర్చుండుట నేర్చుకొన్న విద్యార్థి, తన మొదటి సంఘములో ఇట్టి ఇంటి గుమ్మము ఎక్కునప్పుడు తడబడడు.

ముగింపు

స్వస్థత కొరకు ప్రార్థించుట మానవద్దు. ఆ ప్రార్థనతోపాటు కుటుంబ సంరక్షణకు ఏర్పాటు చేయుట ఆ ప్రార్థనకు విరోధము కాదు. రోగి స్వస్థపడితే ఆ ఏర్పాటు వలన ఎవరికిని నష్టము లేదు. వ్రాసిన వీలునామా బీరువాలో ఉంటుంది, అంతే. స్వస్థపడనిచో ఆ ఏర్పాటే పిల్లలకు మిగిలిన తల్లి చేయి. సిలువమీద ప్రభువు అడుగవలసిన వాటిలో ఇది ఒకటి అనుకొన్నాడు, ఆయన ప్రక్కన నిలిచిన శిష్యుడు ఒకడు ఉన్నందున అడుగగలిగాడు. మన సంఘములలో మరణమునకు సమీపించిన తల్లియో తండ్రియో కన్నులెత్తి చూచినప్పుడు, పేరు పెట్టి అప్పగించుటకు ఎవరో ఒకరు అక్కడ నిలిచియుండాలి.